సెలవు ఎవరికి? నాగా ఎవరికి?

(చేగుంటలో జరిగిన శ్రామిక మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలిచినప్పుడు "సెలవుల చట్టాల గురించి చెప్పండి" అన్నారు. సరేనన్నాను. రెండు రోజులు ముందుగా వచ్చి చేగుంటలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ కొన్ని ఇళ్లు తిరిగాను. బీడీలు చుట్టే అక్కల దగ్గర కూర్చుని "మీకు సెలవులు ఉంటాయా?" అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఒకామె ఒళ్లో చేట మీది నుంచి తల ఎత్తకుండానే, "సెలవులు బడి పిల్లలకుంటయి మేడం. మాకైతే నాగానే" అంది.

నేను రాసుకొచ్చిన కాగితాలు ఆ మాటతో పక్కన పెట్టేశాను. నాగా అనేది ఉర్దూ నుంచి మన తెలంగాణ తెలుగులోకి వచ్చిన మాట. దానికి అర్థం మీకు నేను చెప్పనక్కర్లేదు. సెలవుకూ నాగాకూ తేడా మాత్రం ఒకసారి ఆలోచిద్దాం. రెండు రోజుల్లోనూ మనిషి పనికి పోలేదు. కానీ సెలవు పెట్టిన మనిషి పనిలో ఉన్నట్టే లెక్క. ఆమె పేరు రిజిస్టరులో ఉంటుంది, ఆ రోజు జీతం ఉంటుంది, తిరిగి వచ్చేసరికి ఆమె కుర్చీ ఉంటుంది. నాగా పెట్టిన మనిషి తప్పు చేసినట్టు లెక్క. కూలి పోతుంది, మాట పడాలి, మూడు నాలుగు నాగాలైతే పనే పోవచ్చు. జ్వరం అదే, కాన్పు అదే, పిల్లవాడి విరేచనాలు అవే. ఒకరికి సెలవు, ఇంకొకరికి నాగా. ఈ తేడాను ఎవరు నిర్ణయిస్తున్నారు, దేనితో నిర్ణయిస్తున్నారు అన్నదే ఇవాళ నేను మాట్లాడదలచుకున్న విషయం.

ఈ హాల్లో కూర్చున్నవాళ్లను చూడండి. ముందు వరసలో ప్రభుత్వ పాఠశాలల టీచర్లున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 మే నెలలో వచ్చిన ఉత్తర్వుతో వాళ్ల ప్రసూతి సెలవు 120 రోజుల నుంచి 180 రోజులకు పెరిగింది. 2016 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం పిల్లల సంరక్షణ కోసం మరో 90 రోజులు ఇచ్చింది. ఉద్యోగ సంఘాలు ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా వచ్చినవి ఇవి. నేనూ ఆ వరసకు చెందినదాన్నే, కాబట్టి ఆ సెలవుల విలువ నాకు తెలుసు. వాళ్ల వెనక అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు ఉన్నారు. వాళ్లకూ 180 రోజుల ప్రసూతి సెలవుంది, కానీ చేతికి వచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. మూడో వరసలో తూప్రాన్ రోడ్డు మీది బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయిలున్నారు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం తెలంగాణ ఏర్పడ్డాక తెలంగాణ చట్టంగా కొనసాగుతోంది. దాని ప్రకారం వాళ్లకు ఏడాదికి 12 రోజుల క్యాజువల్ లీవు, జబ్బు చేస్తే 12 రోజులు, 240 రోజులు పనిచేస్తే 15 రోజుల ఆర్జిత సెలవు రావాలి. అన్నీ జీతంతోనే. నిన్న ఆ అమ్మాయిలతో ఈ సంగతి చెబితే "నెలకు రెండు నాగాలు దాటితే పైసలు కట్ చేస్తరు, అంతే తెలుసు" అన్నారు. ఇంకా వెనక, గోడకు ఆనుకుని, ఈ హాల్లో ఎక్కువమంది ఉన్న చోట, బీడీలు చుట్టేవాళ్లు, హైవే పక్క ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లు, ఉపాధి పనికి పోయి వచ్చినవాళ్లు ఉన్నారు. చట్టం ముందు వరసలో ఉన్నవాళ్ల దగ్గర గట్టిగా మాట్లాడుతుంది. వెనక వరసలకు వెళ్లేసరికి గొంతు తగ్గిస్తుంది.

ప్రసూతి సెలవు మన దేశంలో చట్టంగా మొదట వచ్చింది బొంబాయి ప్రెసిడెన్సీలో, 1929లో. అంతకు ముందు ఏడాది ఆ బిల్లు చర్చకు వచ్చినప్పుడు బొంబాయి శాసనమండలిలో డాక్టర్ అంబేడ్కర్ దాన్ని సమర్థించారు. స్వాతంత్ర్యం తర్వాత 1961లో దేశమంతటికీ ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. మొదట్లో 12 వారాలు. 2017లో దాన్ని మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు చేశారు. పత్రికలన్నీ 12, 26 అనే అంకెల గురించే రాశాయి. నాకు వాటికన్నా ముఖ్యమైన అంకె ఇంకోటి కనిపిస్తుంది. ఈ సెలవు రావాలంటే కాన్పుకు ముందు ఏడాదిలో ఆ యజమాని దగ్గర ఇన్ని రోజులు పనిచేసి ఉండాలని షరతు ఉంది. మొదట అది 160 రోజులు. 1988లో 80కి తగ్గించారు. 160 అంటే నెలలు నిండుతున్న కొద్దీ పనికి పోలేని ఆడమనిషి చాలాసార్లు తప్పిపోయేది. 80 చేయడంతో చాలామంది లోపలికి వచ్చారు. చట్టంలో ఒక అంకె మారితే ఎంతమంది ఆడవాళ్ల బతుకు మారుతుందో చూడండి.

మరి ఆ 80 రోజులు పనిచేశావని ఎవరు చెప్పాలి? ఎక్కడ రాసి ఉండాలి?

ఇక్కడ బీడీ దగ్గరికి వస్తాను. చేగుంట, రామాయంపేట, దుబ్బాక ప్రాంతాల్లో తరతరాలుగా ఆడవాళ్లకు తెలిసిన పని ఇది. కంపెనీ ఆకు, తంబాకు, దారం ఇస్తుంది. మనిషి ఇంట్లో కూర్చుని చుడుతుంది. యజమాని కంటికి కనిపించదు, పనివేళలు లేవు. ఇలాంటి మనిషికి సెలవు అంటే ఏమిటి? ఎప్పటి నుంచి ఎప్పటిదాకా పనిచేస్తే ఒక రోజు అవుతుంది? 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసినప్పుడు ఈ ప్రశ్న వచ్చింది. ఆ చట్టం ఇంట్లో చుట్టే ఆమెను ఉద్యోగి నిర్వచనంలోనే పేరు పెట్టి చేర్చింది. ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు అంది. ఫ్యాక్టరీ చట్టంలో లాగా 240 రోజులు నిండితేనే అనే షరతు పెట్టలేదు. ఇంట్లో చుట్టే ఆమెకు 'రోజు' అంటే ఏమిటో కూడా చెప్పింది. అర్ధరాత్రి మొదలుకుని ఇరవై నాలుగు గంటల్లో ఆమె ఎంతసేపు బీడీ పని చేసినా అది ఒక రోజే.

నాకు చట్టాల్లో ఇష్టమైన వాక్యాలు చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి. ఎందుకంటే ఆడదాని పని దినం ఎనిమిది గంటల ముక్కగా ఉండదు. పొద్దున బువ్వ వండి, పిల్లల్ని బడికి పంపి రెండు కట్టలు. పశువులకు నీళ్లు పెట్టి వచ్చి మూడు కట్టలు. రాత్రి అందరూ పండుకున్నాక బల్బు కింద మిగతావి. ఈ చిల్లర సమయాన్నంతా కలిపి ఒక రోజుగా గుర్తించిన చట్టం మన దేశంలో ఉండేది అని మీలో చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు.

అయితే అదే చట్టం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంది. ప్రసూతి చట్టాన్ని బీడీ కార్మికులకు వర్తింపజేస్తూ, ఇంట్లో చుట్టేవాళ్ల విషయంలో రెండు సెక్షన్లు తీసేసింది. ఒకటి, కాన్పు ఖర్చుకు ఇచ్చే మెడికల్ బోనస్. రెండోది, గర్భం వల్ల, కాన్పు వల్ల, గర్భస్రావం వల్ల జబ్బు చేస్తే ఇచ్చే అదనపు నెల సెలవు. ఎందుకు తీసేశారు? ఇంట్లోనే ఉంటుంది కదా, ఇంట్లో ఉన్నమనిషికి మళ్లీ విశ్రాంతి ఏమిటి అనుకున్నారేమో. కార్ఖానాలో కూర్చుని చుట్టే ఆమెకు నడుము నొప్పి వస్తే జబ్బు. ఇంట్లో కూర్చుని చుట్టే ఆమెకు వస్తే, ఏమో, అది ఆడతనం!

ఆచరణలో ఏం జరిగింది? సెలవు రోజుగా రాలేదు. వచ్చిన చోట డబ్బుగా వచ్చింది. ఏడాది చివర బోనస్‌తో కలిపి ఇంత అని చేతిలో పెట్టారు. సంఘాలు గట్టిగా ఉన్న చోట అదైనా వచ్చింది. ఆ డబ్బు అవసరమే, కాదనను. కానీ డబ్బు చేతికి వచ్చిన రోజు కూడా ఆమె చుడుతూనే ఉంది. విశ్రాంతి అనే ముక్క మాయమైపోయి ధర మాత్రం మిగిలింది. మన సంఘాలు కూడా దీన్ని ఎప్పుడూ పెద్ద ప్రశ్నగా తీసుకోలేదని నా ఫిర్యాదు. వెయ్యి బీడీలకు కూలి ఎంత అన్న దాని మీద జరిగిన పోరాటాల్లో పదో వంతు కూడా సెలవు మీద జరగలేదు.

డబ్బు కూడా అందరికీ రాలేదు. నిన్న ఒక ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. పేరు చెప్పను, ఊరు చెప్పను. అత్తా కోడలూ ఇద్దరూ చుడతారు. పాస్‌బుక్కు ఒక్కటే, అత్త పేరు మీద. అత్తకు కళ్లు సరిగా ఆనక నాలుగేళ్లుగా చుట్టడం తగ్గించేసింది. కోడలు చుట్టినవన్నీ అత్త బుక్కులోనే ఎక్కుతున్నాయి. కోడలికి కొత్త బుక్కు అడిగితే, ఉన్న బుక్కులకే పని సరిపోవడం లేదు, కొత్తవి ఎక్కడివి అన్నారట. కోడలు రెండో కాన్పు అయి మూడు నెలలైంది. పదకొండో రోజు నుంచి చేట ముందేసుకుంది. ప్రసూతి డబ్బులు ఎవరూ ఇవ్వలేదు. ఎలా ఇస్తారు? కాగితం ప్రకారం ఆమె ఒక్క బీడీ కూడా చుట్టలేదు! నేను అత్తగారిని అడిగాను, "అమ్మా, బుక్కు కోడలి పేరు మీదికి మార్చరాదూ?" అని. ఆమె కాసేపు ఊరుకుంది. తర్వాత, "బిడ్డా, నాకు పింఛను ఆ బుక్కు మీదనే వస్తున్నది" అంది.

ఆ అత్త తప్పేమీ లేదు. 2015 నుంచి రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు వెయ్యి రూపాయల జీవన భృతి ఇచ్చింది, 2019లో దాన్ని 2,016 చేసింది. దానికి పీఎఫ్ నంబరు ఉండాలి, అదీ 2014 ఫిబ్రవరి 28 లోపుదై ఉండాలని నియమం పెట్టారు. అంటే బుక్కూ నంబరూ ఉన్న ముసలి చేతికి ఆసరా, బుక్కు లేని పడుచు చేతికి పని. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ల హక్కులు ఒక చిన్న పుస్తకంలో ఇరుక్కుని ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మనం అత్తాకోడళ్ల తగాదా అని నవ్వుకునే చాలా తగాదాల అడుగున ఇలాంటి కాగితాలే ఉంటాయి.

యజమానులు మొదటి నుంచీ చెప్పే మాట ఒకటుంది: వీళ్లు మా ఉద్యోగులు కారు, వాళ్ల ఇంట్లో వాళ్లు చుట్టుకుంటారు, మేం కొనుక్కుంటాం. ఈ మాటను కోర్టులు ఒప్పుకోలేదు. అందులో మన ప్రాంతానికి కొంత పాత్ర ఉంది. 1973లో సుప్రీంకోర్టు ఒక దర్జీ దుకాణం కేసులో తీర్పు చెప్పింది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు అంటారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసు. తెలంగాణ ప్రాంతానికి 1951లో చేసిన దుకాణాల చట్టం మీద నడిచింది. దుకాణంలో ముక్కకింత అని కుట్టే దర్జీలు, కొందరు బట్ట ఇంటికి తీసుకుపోయి కుట్టేవాళ్లు కూడా, ఉద్యోగులా కాదా అన్నది ప్రశ్న. కుట్టిన బట్ట బాగాలేదని తిప్పి కొట్టే అధికారం, మళ్లీ కుట్టమనే అధికారం దుకాణదారుకు ఉంది కాబట్టి వాళ్లు అతని కింద పనిచేస్తున్నట్టే అని కోర్టు అంది. పన్నెండేళ్ల తర్వాత 1985లో బీడీ యజమానులు భవిష్య నిధి మాకు వర్తించదని సుప్రీంకోర్టుకు పోతే, కోర్టు అదే తర్కంతో ఇంట్లో చుట్టేవాళ్లూ ఉద్యోగులేనని తేల్చింది.

ఈ తర్కం చూడండి. మీరు చుట్టిన కట్టలు తీసుకుపోతే మునీం చూసి, ఇవి బాగా లేవు, ఆకు సరిగ్గా లేదు అని కొన్ని పక్కన పారేస్తాడు. మీకు దాని మీద ఎంత కోపమో నాకు తెలుసు. నిన్న ఇంటింటా విన్నాను. ఆ పారేసే చెయ్యే మీరు అతని ఉద్యోగులని కోర్టులో సాక్ష్యం చెప్పింది. కొనుక్కునేవాడు ఇష్టం లేకపోతే కొనడం మానేస్తాడు. మీ పని మీద తప్పు పట్టి కూలి కోసేవాడు కొనుక్కునేవాడు కాదు, యజమాని.

ఇప్పుడు కొత్త సంగతి. 2025 నవంబరు 21న కేంద్ర ప్రభుత్వం నాలుగు లేబర్ కోడ్‌లను అమలులోకి తెచ్చింది. 29 చట్టాల స్థానంలో నాలుగు వచ్చాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 1961 నాటి ప్రసూతి చట్టం, 1966 నాటి బీడీ చట్టం వాటిలో కలిసిపోయాయి. అన్నీ చెడ్డవని నేను అనను. జీతంతో సెలవుకు 240 రోజులు పనిచేయాలన్న షరతు 180కి తగ్గింది. ప్రసూతి సెలవు 26 వారాలూ 80 రోజుల షరతూ సామాజిక భద్రతా కోడ్‌లో అలాగే ఉన్నాయి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని రాశారు. ఈ చివరిది నిజంగా అమలైతే తూప్రాన్, మనోహరాబాద్ ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టరు మారినప్పుడల్లా మొదటి రోజు కూలీగా మారే ఆడవాళ్లకు పెద్ద మేలు.

నా భయం ఇంట్లో పనిచేసే ఆమె గురించి. కొత్త కోడ్‌లో సెలవు హక్కు పది మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే సంస్థలోని కార్మికులకు. ఇంట్లో చుట్టే ఆమెను నిర్వచనంలోనే పేరు పెట్టి చేర్చిన 1966 నాటి పద్ధతి అందులో లేదు. సామాజిక భద్రతా కోడ్ ఆమెను 'గృహ ఆధారిత కార్మికురాలు' అని పిలిచి అసంఘటిత కార్మికుల వరసలో కూర్చోబెట్టింది. అసంఘటిత కార్మికులకు ప్రభుత్వ పథకాలు అంది, ప్రసూతికి కూడా పథకాలే అంది. హక్కు వేరు, పథకం వేరు. హక్కు ఇవ్వకపోతే యజమాని మీద ఫిర్యాదు చేయవచ్చు. పథకం ఇవ్వకపోతే ఎవరి మీద చేస్తాం? బడ్జెట్ లేదంటారు. 2017 జూన్‌లో మన రాష్ట్రంలో కేసీఆర్ కిట్ మొదలైనప్పుడు, గర్భిణికి పోయే కూలికి బదులుగా అంటూ 12,000, ఆడపిల్ల పుడితే 13,000 రూపాయలు ప్రకటించారు. చాలామందికి అవి ఉపయోగపడ్డాయి కూడా. కానీ అది సర్కారు ఇచ్చే సొమ్ము. ఆమె శ్రమతో లాభం పొందిన యజమాని ఆ లెక్కలోంచి చల్లగా తప్పుకున్నాడు. బీడీ మీద వేసిన సెస్సుతో నడిచిన సంక్షేమ నిధి ఉండేది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సు కూడా పోయింది.

ఇంకొకటి కూడా ఉంది. ఇప్పుడు బీడీ కంపెనీలు నెలంతా పని ఇవ్వడం లేదు. పది రోజులు, పదిహేను రోజులు అని మీరే చెప్పారు. నెలకు పదిహేను రోజుల చొప్పున ఏడాదికి 180. అంటే ఒక్క నాగా లేకుండా చేస్తేనే గీత దగ్గరికి వస్తారు. పని ఇవ్వనిది యజమాని, రోజులు నిండలేదని సెలవు పోయేది మనకు.

ఇంత చెప్పాక "కూలీలకు ఎవరిస్తరు మేడం సెలవు" అని నిన్నటి మాటే మళ్లీ అంటారని తెలుసు. ఇచ్చిన సందర్భం ఉంది. ఢిల్లీలో మున్సిపల్ కార్పొరేషన్ కింద రోడ్లు వేసే పనిలో, మట్టి తవ్వే పనిలో మస్టర్ రోల్ మీద ఏళ్ల తరబడి ఆడకూలీలు పనిచేశారు. రెగ్యులర్ ఉద్యోగులకు ప్రసూతి సెలవుంది, వీళ్లకు లేదన్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000 సంవత్సరం మార్చి 8న తీర్పు వచ్చింది. రోజుకూలీ అయినా ఆడమనిషి ఆడమనిషే, చట్టం రెగ్యులర్ వాళ్లకే అని ఎక్కడా రాయలేదు, సెలవు ఇవ్వాల్సిందే అంది కోర్టు. తేదీ గమనించారా? అంతకు ముందు 1977లో కోయంబత్తూరు వైపు ఒక తోట కార్మికురాలి కేసు. యజమాని పన్నెండు వారాలకు ఆదివారాలు తీసేసి 72 రోజుల డబ్బు ఇచ్చాడు. ఆమె 84 రోజులకు అడిగింది. వారం అంటే ఏడు రోజులు, ఆదివారం నాడు ఆమె బాలింత కాకుండా పోదు కదా అన్నట్టుగానే తీర్పు వచ్చింది. పన్నెండు రోజుల కూలి మీద ఒక తోట కూలీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే.

ఈ రెండు కేసుల్లోనూ ఒక సామ్యం ఉంది. ఢిల్లీ కూలీల పేర్లు మస్టర్‌లో ఉన్నాయి. తోట కూలీ పేరు హాజరు పట్టీలో ఉంది. తీర్పు తర్వాత వచ్చింది, పేరు ముందు ఉంది. మన మెదక్ జిల్లాలో 2006 ఫిబ్రవరిలో మొదటి విడతలోనే ఉపాధి హామీ వచ్చింది. అందులో ఆడవాళ్ల పేర్లు మస్టర్‌లో ఎక్కాయి, బ్యాంకులో, పోస్టాఫీసులో ఖాతాలు తెరిచారు. చిన్నపిల్లలు ఎక్కువమంది ఉంటే చూసుకునే మనిషిని పెట్టాలని ఆ 2005 చట్టంలో ఉంది. ప్రసూతి సెలవు మాత్రం లేదు. దాని స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 2000 నాటి తీర్పును చేతిలో పెట్టుకుని ఇన్నేళ్లలో ఉపాధి మస్టర్ మీద ప్రసూతి సెలవు అడగకపోవడం మన మహిళా సంఘాల వైఫల్యం. నన్నూ కలుపుకునే అంటున్నాను.

నెలసరి సెలవు గురించి కూడా కొందరు చెల్లెళ్లు అడిగారు. బీహార్‌లో 1992 నుంచి ప్రభుత్వ ఉద్యోగినులకు నెలకు రెండు రోజులు ఉంది. 2025లో కర్ణాటక ప్రభుత్వం ప్రైవేటు రంగాన్ని కూడా కలిపి నెలకు ఒక రోజు ప్రకటించింది. దీనివల్ల ఆడవాళ్లను పనిలోకి తీసుకోరని కొందరు మిత్రులు భయపడుతున్నారు. ప్రసూతి సెలవు వచ్చినప్పుడూ ఈ మాటే అన్నారు. నాకు దాని మీద పెద్ద చర్చ లేదు, ఇవ్వాలి. కానీ ఇక్కడ ఇంకో సంగతి చెప్పకుండా పోలేను. సెలవు లేని చోట ఆడవాళ్లు ఏం చేస్తున్నారు? ఉమ్మడి మెదక్ జిల్లాలోనే మునిపల్లి మండలంలో డాక్టర్ కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి చేసిన అధ్యయనం, చిన్న వయసులోనే అవసరం లేకుండా గర్భసంచులు తీయించుకున్న ఆడవాళ్ల సంగతి బయటపెట్టింది. ఆసుపత్రుల లాభం, క్యాన్సర్ అని పెట్టే భయం, ఇవన్నీ కారణాలు. నిన్న ఒక ముప్పై రెండేళ్ల చెల్లెలు ఇంకో కారణం చెప్పింది. "నెలనెలా నాలుగొద్దులు నాగా వెట్టుడు కంటే ఒక్కపారి తీయించుకుంటే అయిపాయె అనుకున్న అక్కా. ఇప్పుడు నడుమే లేస్తలేదు." నెలకు నాలుగు రోజుల విశ్రాంతి దొరకని మనిషి ఒంట్లోని అవయవాన్నే వదులుకుంది. సెలవు అంటే ఉద్యోగినుల సౌకర్యం అనుకునే మన అభ్యుదయ మిత్రులకు ఈ చెల్లెలి మాట వినిపించాలని ఉంది.

ఇంటి సంగతి కూడా ఒక్క మాట. సెలవు వచ్చినా అది ఎవరికి పోతుంది? 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. చేసే మగవాళ్లు అన్నది గమనించండి, చేయని వాళ్లు ఆ లెక్కలో లేనే లేరు. మా టీచర్ మిత్రులే చెబుతారు, దసరా సెలవులంటే బడి కన్నా ఎక్కువ పని అని. కాబట్టి యజమానిని అడిగే సెలవూ ఇంట్లో అడిగే సెలవూ రెండూ మన ఎజెండాలో ఉండాలి. ఇంట్లోది ఇంకా కష్టం, అక్కడ లేబర్ ఆఫీసు కూడా లేదు.

ఇక ఇక్కడి నుంచి ఏం చేద్దాం అన్న దాని మీద నిన్న రాత్రి మీలో కొందరితో మాట్లాడాను. మొదటిది, దుకాణాల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే చెల్లెళ్లు నియామక పత్రం అడగాలి. ఒక్కరే అడిగితే పని పోతుంది, పది మంది కలిసి అడగాలి. సంఘం తరఫున కార్మిక శాఖ అధికారికి దరఖాస్తు పెట్టండి, నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. రెండోది, బీడీ పాస్‌బుక్కుల విషయం. ఇంట్లో చుట్టే ప్రతి మనిషికీ ఆమె పేరు మీద బుక్కు కావాలని అడుగుదాం. అత్తగారి పింఛను కోడలి బుక్కుకు అడ్డం కాకుండా ఉండాలంటే రెండు కోరికలూ ఒకే దరఖాస్తులో ఉండాలి. లేకపోతే మనలో మనకే తగాదా పెట్టి కూర్చుంటారు.

మూడోది నేను చెప్పేది కాదు, ఇక్కడే నేర్చుకున్నాను. నిన్న చూసిన ఇళ్లలో చాలాచోట్ల గోడ మీద క్యాలెండరు ఉంది. పాల లెక్క, కిరాణా ఉద్దెర, గ్యాస్ వచ్చిన తేదీ అన్నీ దాని మీదనే. ఆ కోడలు ఇంట్లో క్యాలెండరు చూస్తే ప్రతి తేదీ కింద చిన్న చిన్న గీతలున్నాయి. ఏమిటని అడిగితే, ఆ రోజు తను చుట్టిన కట్టలన్నమాట. మునీం లెక్క తప్పు రాస్తాడేమోనని పెళ్లయినప్పటి నుంచీ గీస్తోందట. కాన్పు అయిన తేదీ కింద గీతలు లేవు. తర్వాత పది రోజులు ఖాళీ. పదకొండో తేదీ కింద రెండు గీతలు. పాస్‌బుక్కులో లేని మనిషి పని రోజులన్నీ ఆ గోడ మీద ఉన్నాయి. పాత ఏడాది క్యాలెండర్లు ఏం చేశావంటే, పొయ్యి కింద పెట్టాను అంది.

ఇక నుంచి పెట్టొద్దు అక్కా. ఎవరి గీతలు వాళ్లు గీయండి, పక్కన మీ పేరు రాయండి, రాయడం రాకపోతే పిల్లలతో రాయించండి. ఏడాది అయిపోయినా చింపకుండా చుట్టి దాచండి. వచ్చే సమావేశానికి వాటిని తీసుకుని రండి. దరఖాస్తులతో పాటు అవి కూడా లేబర్ ఆఫీసుకు పట్టుకుపోదాం.